చీకటిలో చూపు

దీపము వెలుగు గదిలోనుండి అమావాస్యరాత్రి పెరటిలోనికి అడుగుపెట్టినవానికి మొదట ఏమియు కనబడదు. నూతిపళ్లెము ఎచ్చట నున్నదో, తులసికోట ఎచ్చట నున్నదో తడవుకొనుచు పోవలసినదే. కొంతసేపు అచ్చటనే నిలిచినచో జామచెట్టు కొమ్మలును, గోడ అంచును, నడచు బాటయు క్రమముగా పొడకట్టును. వెలుతురు పెరుగలేదు, మారినది మన కన్ను. నేలపై నడచువానికి ఈ యాలస్యమువలన కాలివ్రేలికి ఎదురుదెబ్బ తగులునేమో గాని అంతకు మించిన హాని లేదు. రాత్రివేళ విమానము నడుపువాని సంగతి అట్టిది కాదు.

కాంతి కనుపాప ద్వారా లోనికి ప్రవేశించి, కటకము గుండా సాగి, కంటి వెనుకనున్న నేత్రపటలముపై వస్తువుయొక్క ప్రతిబింబమును ఏర్పరచును. ఆ పటలమున రెండు తెగల కణములు గలవు. శంకువు ఆకారము గలవి సుమారు 60 లక్షలు. రంగులను, సూక్ష్మమైన వివరములను తెలుపునవి ఇవియే. కాని వీనికి మంచి వెలుతురు కావలెను. కడ్డీలవలె నుండు దండకణములు సుమారు 12 కోట్లు. ఇవి రంగు లెరుగవు, అక్షరములు చదువలేవు. అయినను మిక్కిలి మసకవెలుతురును సైతము పసిగట్టును. పగటి కొలువు శంకుకణములది, రాత్రి కొలువు దండకణములది. ఈ పనిపంపకమును 1866 లో మాక్స్ షుల్ట్జె అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను.

చిక్కు ఇచ్చటనే యున్నది. మనము దేనిని తేరిపార చూతుమో దాని ప్రతిబింబము నేత్రపటలముయొక్క నడిమిభాగమున పడును. ఆ నడుమ కిక్కిరిసి యున్నవి శంకుకణములే; దండకణము ఒక్కటియైనను లేదు. కావున గాఢమైన చీకటిలో మన చూపునకు నట్టనడుమ ఒక గ్రుడ్డిచోటు ఏర్పడుచున్నది. సందేహము గలవారు శీతకాలపు రాత్రి, మబ్బులేని ఆకాశమున కృత్తికలను చూడవచ్చును. సూటిగా చూచినప్పటికంటె, దృష్టిని కొంచెము ప్రక్కకు మరల్చినపుడు ఆ చుక్కల గుంపు దట్టముగా కనబడును. వైమానికులకు నేర్పునదియు నిదియే: మసకగా నున్న వస్తువును సూటిగా చూడక, సుమారు 10 డిగ్రీలు ప్రక్కగా చూడవలెను, చూపును ఒక్కచోట నిలుపక మెల్లగా త్రిప్పుచుండవలెను. పుట్టినది మొదలు సూటిగా చూచుటకే అలవాటుపడిన మనకు ఇది సులభముగా అబ్బు విద్య కాదు.

దండకణములలో రొడాప్సిన్ అను వర్ణద్రవ్యము గలదు. వెలుతురు సోకినంతనే అది విచ్ఛిన్నమగును. చీకటిలో మరల తయారగును. పూర్తిగా తయారగుటకు అరగంటయో, అంతకంటె కొంచెము ఎక్కువయో పట్టును. పెరటిలో మనము నిలిచి వేచియున్నది దీనికొరకే. దాని తయారీకి ‘ఎ’ విటమిను అవసరము; అది కొరవడినవారికి రేచీకటి కలుగును. ఇంత ఓపికతో సమకూడిన చూపును ఒక్క టార్చిలైటు క్షణములో చెరచివేయును. అందువలననే రెండవ ప్రపంచయుద్ధకాలమున వైమానికులు బయలుదేరుటకు ముందు ఎర్ర అద్దములు ధరించి కూర్చుండెడివారు. ఎర్రని వెలుగు దండకణములను అంతగా బాధింపదు. మరియొక యిబ్బంది యెత్తు. 5000 అడుగులు దాటునప్పటికే, ప్రాణవాయువు పలుచబడుటచే, రాత్రిచూపు తగ్గ నారంభించును.

కానరాకపోవుటకంటె తప్పుగా కనబడుట మరింత ప్రమాదకరము. చిమ్మచీకటిలో ఒంటిదీపమును రెప్పవేయక చూచినచో, నిలిచియున్న ఆ దీపము కదలుచున్నట్లు తోచును. పల్లెదీపములు నక్షత్రములలో కలిసిపోయి, ఏది నేలయో ఏది నింగియో తెలియకుండ చేయును. చుట్టును దీపమన్నది లేని నేలపై రన్‌వే దీపములు మాత్రమే వెలుగుచుండగా దిగువానికి, తాను ఉన్నదానికంటె ఎత్తున ఉన్నట్లు భ్రమ కలుగును. ఆ భ్రమను నమ్మి రన్‌వే చేరకముందే నేలను తాకినవారు గలరు.

1978 జనవరి 1 వ తేదీ రాత్రి బొంబాయినుండి ‘ఎంపరర్ అశోక’ అను ఎయిరిండియా బోయింగు 747 విమానము దుబాయికి బయలుదేరెను. తీరము దాటగనే క్రింద అరేబియా సముద్రము, పైన ఆకాశము, రెండును నలుపే. విమానము కుడివైపునకు కొంచెము వాలి, మరల సరియైన స్థితికి వచ్చెను. కాని వాలును చూపు సాధనము కెప్టెను ఎదుట చెడిపోయి, విమానమింకను కుడికే వాలియున్నట్లు చూపుచుండెను. ఆయన దానిని సరిదిద్దబోయి ఎడమకు త్రిప్పెను. ఇంకను ఇంకను త్రిప్పెను. విమానము ప్రక్కకు ఒరిగి సముద్రమున కూలెను. అందున్న 213 మందిలో ఒక్కరును బ్రతుకలేదు. పగలైనచో సముద్రమును ఆకాశమును కలియు గీత ఒక్కటే ఆ సాధనపు అబద్ధమును బయటపెట్టి యుండెడిది. ఆ రాత్రి ఆ గీత కన్నులకు దొరకలేదు. అయినను అట్టి సాధనమే సహచోదకుని యెదుట మరియొకటి యుండెను. వానికి తోడు మూడవదియు నుండెను. వానితో సరిచూచుకొనకపోవుట ప్రమాదమునకు ఒక కారణమని విచారణలో తేల్చిరి.