చిన్నపిల్లల కంప్యూటర్ ఆటలు, అభ్యసన శైలులు: తెలుగు లిపి బోధన దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యాసంబంధమైన కంప్యూటర్ ఆటలను పిల్లల ‘అభ్యసన శైలి’ని బట్టి ఎంచుకోవాలన్న అభిప్రాయం ఉపాధ్యాయ శిక్షణలోను, ఆటల ప్రచారంలోను స్థిరపడి ఉంది. ఈ అభిప్రాయానికి పరిశోధనల బలం ఎంత? ఆటలు ఏ పరిస్థితుల్లో మేలు చేశాయి? తెలుగు లిపిని నేర్పే ఆట దేనిని పట్టించుకోవాలి? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: అభ్యసన శైలులు, విద్యా క్రీడలు, అక్షరాస్యత, గుణింతం, ఒత్తులు, తెలుగు లిపి.

1. ప్రవేశిక

పిల్లల చేతికి కంప్యూటర్‌ను ఇవ్వాలన్న ఆలోచనకు అర్ధశతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1967లో సేమర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్‌లు అమెరికాలో ‘లోగో’ భాషను రూపొందించారు. పిల్లలు ఆదేశాలిచ్చి ఒక ‘తాబేలు’ను నడిపిస్తూ బొమ్మలు గీయడం దాని ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. జెనీవాలో పియాజె వద్ద పనిచేసిన పాపర్ట్ దృష్టిలో యంత్రం పిల్లవాడికి పాఠం చెప్పేది కాదు. పిల్లవాడే యంత్రానికి పని నేర్పుతాడు. తరువాత వచ్చిన ఆటల్లో అధికభాగం ఈ దృష్టిని వదిలి, ప్రశ్న అడిగి, జవాబు సరైనదైతే చప్పట్లు వినిపించే పద్ధతికి మళ్లాయి. ‘ఈ ఆట ఏ రకం పిల్లలకు తగినది’ అన్న ప్రశ్న ఇలాంటి ఆటల వెంటే వచ్చింది.

2. అభ్యసన శైలుల వాదం

చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చదివి రాసి నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అన్న నాలుగు విధాల విభజనను న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో ‘వార్క్’ పేరిట ప్రచారంలోకి తెచ్చారు. ఇలాంటి విభజనలు ఇదొక్కటే కాదు. ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం 2004లో జరిపిన సమీక్షలో 71 నమూనాలు లెక్కకు వచ్చాయి. ఒకే పిల్లవాడిని 71 రకాలుగా విభజించవచ్చునంటే, విభజన పిల్లవాడిలో ఉన్నదా, విభజించేవారి దృష్టిలో ఉన్నదా అన్న సందేహం సహజం.

ఈ వాదాన్ని పరీక్షించవలసిన తీరును 2008లో హరాల్డ్ పాష్లర్, ఆయన సహరచయితలు స్పష్టంగా నిర్వచించారు. ‘దృశ్య’ శైలి పిల్లలను, ‘శ్రవణ’ శైలి పిల్లలను యాదృచ్ఛికంగా రెండు బోధన పద్ధతులకు కేటాయించి, అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. మొదటివారు దృశ్యపద్ధతిలోను, రెండవవారు శ్రవణపద్ధతిలోను మెరుగ్గా రాణిస్తేనే వాదం నిలుస్తుంది. ఈ నియమాన్ని పాటించిన అధ్యయనాలు బహుకొద్ది. వాటిలోనూ పలు ఫలితాలు వాదానికి విరుద్ధంగా ఉన్నాయని వారు తేల్చారు. పిల్లలకు ఇష్టాలు లేవని దీని అర్థం కాదు. బొమ్మలంటే ఇష్టపడటం వేరు, బొమ్మల ద్వారానే బాగా నేర్చుకోవడం వేరు. 1983లో బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన హోవర్డ్ గార్డ్‌నర్ సైతం తన సిద్ధాంతాన్ని అభ్యసన శైలులతో కలపడం పొరపాటని తరువాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. మన శిక్షణ తరగతుల్లో ఈ రెండూ ఇప్పటికీ ఒకే ఊపిరిలో వినిపించడం విచారకరం.

3. ఆటలు ఎప్పుడు పనిచేశాయి?

ఈ ప్రశ్నకు భారతీయ ఆధారాలే ఉన్నాయి. వడోదర పురపాలక పాఠశాలల్లో ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటర్ వద్ద ఇద్దరి చొప్పున, గణితపు ఆటలు ఆడించింది. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తేర్ డఫ్లో, లీ లిండెన్‌లు 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గణితపు మార్కులు తొలి ఏడాది 0.35, రెండో ఏడాది 0.47 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి. కార్యక్రమం ముగిసిన ఏడాదికి ఈ లాభం చాలావరకు కరిగిపోయిందన్నది కూడా అదే అధ్యయనంలోని అంశం. ప్రశంసించేవారు దీనిని తరచుగా విస్మరిస్తారు.

గుజరాత్‌లోనే జ్ఞాన్ శాల పాఠశాలల్లో లిండెన్ జరిపిన మరో అధ్యయనం ఇంతకన్నా ఆలోచింపజేసేది. అక్కడ ఆటలను రెండు విధాలుగా ప్రవేశపెట్టారు. బడివేళలకు అదనంగా ఆడినప్పుడు మార్కులు 0.28 ప్రామాణిక విచలనాలు పెరిగాయి. తరగతి బోధన స్థానంలో ఆడినప్పుడు 0.57 తగ్గాయి. ఆట ఏ శైలికి తగినదన్న దానికన్నా, ఆ గంట ఎవరి నుండి తీసుకున్నదన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. కంప్యూటర్ గది ఉన్నదని ఉపాధ్యాయుని ఖాళీని భర్తీ చేయక వదిలివేసే చోట ఈ అంకె గుర్తుంచుకోదగినది.

ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో హైకీ లూటినెన్ నేతృత్వంలో రూపొందిన ‘గ్రాఫోగేమ్’ చదువు నేర్పే ఆటల్లో ప్రసిద్ధమైనది. పిల్లవాడు ధ్వనిని విని, పైనుండి జారే అక్షరాల్లో సరైనదాన్ని ఎంచుకుంటాడు. ఆట అతని స్థాయిని బట్టి మారుతుంది. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2020లో వెలువడిన విశ్లేషణలో పదపఠనంపై దాని సగటు ప్రభావం దాదాపు శూన్యమని తేలింది. అయితే పెద్దలు పక్కనుండి పిల్లలతో మాట్లాడుతూ ఆడించిన సందర్భాల్లో మాత్రం మేలు కనిపించింది.

4. తెలుగు లిపి ప్రత్యేకత

ఫిన్నిష్‌లో అక్షరానికీ ధ్వనికీ సంబంధం దాదాపు ఒకటికొకటి. తెలుగులో ప్రాథమిక అక్షరాలతో పని ముగియదు. గుణింతాలు, ఒత్తులు చేరి వందలాది రూపాలు ఏర్పడతాయి. సోదర లిపి అయిన కన్నడంపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, పిల్లల అక్షరజ్ఞానం ప్రాథమిక తరగతుల పొడవునా నెమ్మదిగా విస్తరిస్తుందని చూపింది. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని బొమ్మలతో వర్ణమాల ముగించే ఆటలు అసలు కష్టం మొదలయ్యే చోట ఆగిపోతాయి.

‘కుర్చీ’ అన్న పదాన్ని తీసుకోవచ్చు. రాతలో గుడిదీర్ఘం ‘ర’ మీద కూర్చుంటుంది. చెవికి ఆ అచ్చు ‘చ’ తరువాత వినిపిస్తుంది. కంటి క్రమం ఒకటి, చెవి క్రమం మరొకటి. ‘గ, డ, ద’ల ఒత్తులు తలకట్టు తీసిన అక్షరాలే, ‘త, న, మ, య, ర, ల’ల ఒత్తులకు మూలాక్షరంతో పోలిక తక్కువ. ‘పు, వు’లలో కొమ్ము ఇతర అక్షరాలకు చేరే చోట చేరదు. ఇక్కడ నేర్చుకోవలసినది కేవలం దృశ్యమూ కాదు, కేవలం ధ్వనీ కాదు. ఆ రెంటినీ ముడివేయడం. ‘ఇతడు చూసి నేర్చుకునే పిల్లవాడు’ అని ఐదేళ్ల వయసులో ముద్రవేసి బొమ్మల ఆటలకే పరిమితం చేస్తే, ముడివేసే అవకాశమే అతనికి దక్కదు.

వీధిబడిలో ఇసుకపై వేలితో దిద్దుతూ, దిద్దినదాన్ని పైకి పలికే పద్ధతిలో కన్ను, చెవి, చేయి కలిసి పనిచేసేవి. ఎవరిది ఏ శైలి అని అక్కడ విచారించలేదు. (ఆ బడిలోని బెత్తాన్ని మెచ్చుకోవలసిన పని లేదు.) ఫ్రాన్సులో మారికే లాంకాం బృందం 3 నుండి 5 ఏళ్ల పిల్లలపై జరిపి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, వారిలో పెద్ద వయసువారు కీబోర్డుపై నొక్కి నేర్చిన అక్షరాలకన్నా చేత్తో రాసి నేర్చిన అక్షరాలను మెరుగ్గా గుర్తించారు. తెరపై వేలితో తాకి ఎంచుకోవడం రాయడానికి ప్రత్యామ్నాయం కాదన్న అనుమానానికి ఇది బలమిస్తుంది.

అయినా పలక చేయలేని పని ఒకటి కంప్యూటర్ చేయగలదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘ర్చీ’ని ర, పొల్లు, చ, గుడిదీర్ఘం అన్న ఉచ్చారణ క్రమంలోనే నొక్కాలి, చివరి మీట నొక్కగానే గుడిదీర్ఘం వెళ్లి ‘ర’ మీద చేరుతుంది. చెవి క్రమం కంటి క్రమంగా మారడం పిల్లవాడి ఎదుటే జరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును టైపు చేయించే పద్ధతిలో ఒక్కో అక్షరాన్ని ఇలా కూర్చే అనుభవం మరుగున పడుతుంది. ఈ కూర్పునే ఆటగా మలిచి, తప్పు ఎంపికలుగా సంబంధం లేని అక్షరాలను కాక ‘కి, కీ, కె’ వంటి దగ్గరి రూపాలను ఇచ్చి, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో ఉపాధ్యాయునికి తెలిపే ఏర్పాటు చేయవచ్చు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది గనుక, గుణింతాలు, ఒత్తులతో కూడిన ఇలాంటి ఆటకు తగిన కాలం ఒకటి, రెండు తరగతులే. అదీ పలకా బలపమూ పక్కన ఉండగా, ‘గుడి ఎక్కడికి వెళ్లింది?’ అని అడిగే ఉపాధ్యాయురాలి సమక్షంలో.