మీకు తెలుసా? బుల్లి రాష్ట్రం ప్లీడరు, పెద్ద సభలో 48 ఏళ్లు

ఫలానా దేశంలోని ఫలానా దళానికి అమెరికా సైనిక సాయం ఆపాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా పత్రికల్లో ‘లేహీ చట్టం’ అన్న మాట కనబడుతుంది. ఆ లేహీ, వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రానికి చెందిన ఒక ప్లీడరు. పేరు పాట్రిక్ లేహీ. 1975 జనవరి నుంచి 2023 జనవరి దాకా 48 ఏళ్లు అమెరికా సెనేట్‌లో సభ్యుడిగా ఉన్నారు.

వెర్మాంట్ ఎంత చిన్నదంటే, 2020 లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తం జనాభా సుమారు 6 లక్షల 43 వేలు. మన విజయవాడ నగరంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. మన రాజ్యసభలో జనాభాను బట్టి సీట్లు: ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, గోవాకూ సిక్కింకూ ఒక్కొక్కటి. అమెరికా సెనేట్‌లో ఆ లెక్క చెల్లదు. నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకు రెండు సీట్లు, వెర్మాంట్‌కూ రెండే. పైగా అక్కడ సీనియారిటీని బట్టి కమిటీల్లో పట్టు పెరుగుతుంది. చిన్న రాష్ట్రం ఒకే మనిషిని ఎనిమిదిసార్లు గెలిపించి పంపితే ఏమవుతుందో చెప్పడానికి లేహీని మించిన ఉదాహరణ నాకు తెలిసి లేదు.

ఆయన పుట్టింది 1940లో, రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్‌లో. తల్లిదండ్రులు ప్రింటింగ్ ప్రెస్ నడిపేవారు. పుట్టుకతోనే ఎడమ కన్ను దాదాపు కనబడదు. అయినా జీవితమంతా కెమెరా వదల్లేదు. సెనేటర్‌గా తాను దగ్గరుండి చూసిన అధ్యక్షులను, సమావేశాలను ఆయన తీసిన ఫొటోలు పెద్ద పత్రికల్లో అచ్చయ్యాయి. 1966లో, 26 ఏళ్లకే, బర్లింగ్టన్ పట్టణం ఉన్న చిట్టెండెన్ కౌంటీకి ప్రాసిక్యూటర్ అయ్యారు. నేరం జరిగిన చోటికి వెళ్లడం, బాధితుల మాట వినడం, కోర్టులో రుజువు చూపడం... ఎనిమిదేళ్లకు పైగా ఇదే పని. ఆ తర్వాత ఆయన రాసిన చట్టాలన్నిట్లోనూ ఆ ప్రాసిక్యూటర్ కనిపిస్తాడు.

1974 ఎన్నిక సంగతి మరీ ఆసక్తికరం. అంతకుముందు వెర్మాంట్ ఏనాడూ ఒక డెమొక్రాట్‌ను ప్రజల ఓటుతో సెనేట్‌కు పంపలేదు. వాటర్‌గేట్ కుంభకోణంతో అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగిన ఆ ఏడాది, 34 ఏళ్ల లేహీ సుమారు 4,400 ఓట్ల తేడాతో గట్టెక్కారు. అదే ఎన్నికలో ఒక చిన్న పార్టీ తరఫున నిలబడి నాలుగు శాతం ఓట్లతో ఓడిపోయిన యువకుడు ఎవరో తెలుసా? బెర్నీ శాండర్స్! అప్పటి ప్రత్యర్థులిద్దరూ 2007 నుంచి 16 ఏళ్లు ఒకే రాష్ట్రం తరఫున సెనేట్‌లో పక్కపక్కన పనిచేశారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. లేహీ బలం ఉపన్యాసాల్లో లేదు, క్లాజుల్లో ఉంది. వందల పేజీల బడ్జెట్ బిల్లులో ఎక్కడో చేర్చే నాలుగు వాక్యాలు ఆయన ఆయుధం.

1980లలో మధ్య అమెరికా పర్యటనలో, హోండురస్‌లోని ఒక ఆస్పత్రిలో మందుపాతరకు కాలు పోగొట్టుకున్న పిల్లవాణ్ణి చూశారు. ఆ మందుపాతర ఏ పక్షం వాళ్లు పాతిందో ఆ పిల్లవాడికే తెలియదు. మందుపాతర వార్తలు దశాబ్దాల పాటు చదివిన తెలుగు పాఠకులకు ఆ నిస్సహాయత విడమరిచి చెప్పక్కర్లేదు. లేహీ తిరిగి వెళ్లి ఊరుకోలేదు. 1989లో యుద్ధ బాధితులకు కృత్రిమ కాళ్లు, చికిత్స అందించే నిధి పెట్టించారు. దానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. 1992లో రక్షణ బిల్లులో ఒక క్లాజు చేర్పించి, అమెరికా నుంచి మనుషులను చంపే మందుపాతరల ఎగుమతిని ఆపించారు. 1997లో మందుపాతరల నిషేధ ఉద్యమానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు, దాన్ని పంచుకున్న జోడీ విలియమ్స్ కూడా వెర్మాంట్ మనిషే. మందుపాతరలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందంలో అమెరికా మాత్రం ఇప్పటికీ చేరలేదు. మనమూ చేరలేదు.

లేహీ చట్టం పుట్టింది కూడా 1997లోనే, విదేశీ సాయం బిల్లులో ఒక క్లాజుగా. హత్యలు, చిత్రహింసలు, అత్యాచారాలు, మనుషులను మాయం చేయడం వంటివి చేసిందని నమ్మదగిన సమాచారం ఉన్న దళానికి అమెరికా డబ్బు వెళ్లకూడదు. దోషులను ఆ దేశమే శిక్షించే చర్యలు మొదలుపెడితే మినహాయింపు ఉంటుంది. దేశం మొత్తాన్ని కాకుండా ఫలానా దళాన్ని వేలెత్తి చూపడమే ఇందులోని ప్రాసిక్యూటర్ తెలివి. అయితే మిత్రదేశాలన్నిటి మీదా ఇది ఒకేలా అమలు కావడం లేదని, పదవి దిగాక లేహీయే బాహాటంగా చెప్పారు.

ఆయన పేరున్న చట్టం ఇంకొకటి మనవాళ్ల బతుకుల్లోకీ వచ్చింది. 2011లో వచ్చిన లేహీ-స్మిత్ చట్టం పేటెంట్ పద్ధతినే మార్చేసింది. ముందు ఎవరు కనిపెట్టారన్న తగువు పోయి, ముందు ఎవరు దరఖాస్తు పెట్టారన్నది ముఖ్యమైంది. 2013 మార్చి నుంచి సిలికాన్ వ్యాలీలో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టే ప్రతి తెలుగు ఇంజనీరూ ఈ చట్టం కిందే పెడుతున్నాడు. అక్కడి కూరగాయల మీద కనిపించే గుండ్రటి ‘ఆర్గానిక్’ ముద్రకు పునాది వేసిన 1990 నాటి చట్టం కూడా లేహీ చలవే.

ఈ పదవిలో ప్రాణాపాయమూ ఎదురైంది. 2001లో ఆయన పేరిట ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరం ఎవరో పంపారు. జిప్ కోడ్‌ను యంత్రం తప్పుగా చదవడంతో అది విదేశాంగ శాఖ టపా కేంద్రానికి పోయింది. అక్కడి ఉద్యోగి ఒకరు జబ్బుపడి చావు తప్పించుకున్నారు. ఆ ఏడాది ఇలాంటి ఉత్తరాలతో జరిగిన దాడుల్లో మొత్తం ఐదుగురు చనిపోయారు.

బ్యాట్‌మన్ సినిమాలు చూసేవాళ్లు ఆయన్ను చూసే ఉంటారు. 2008 నాటి ‘ద డార్క్ నైట్’లో విందు సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. విలన్ జోకర్ ఒక ప్రాసిక్యూటర్‌ను వెతుక్కుంటూ లోపలికొస్తాడు. అందరూ బిగుసుకుపోతే, తెల్లజుట్టు పెద్దాయన ఒకరు ఎదురు నిలిచి మాట్లాడతారు. జోకర్ ఆయన మెడ పట్టుకుని ముఖం మీదికి కత్తి తెస్తాడు. ఆ పెద్దాయన లేహీ! నిజజీవితంలో ఒకనాటి ప్రాసిక్యూటర్. ఇలాంటి చిన్న వేషాలకు వచ్చిన డబ్బు, చిన్నప్పుడు తాను కామిక్స్ చదువుకున్న మాంట్‌పీలియర్ లైబ్రరీకి ఇచ్చేశారు. మందుపాతరల మీద 1996లో బ్యాట్‌మన్ కామిక్ ఒకటి రావడంలోనూ ఆయన చెయ్యి ఉంది.

వియత్నాం యుద్ధం ముగిసిన ఏడాదే సెనేట్‌లో అడుగుపెట్టిన లేహీ, ఆ యుద్ధం మిగిల్చిన విషాన్ని చివరిదాకా మరవలేదు. అమెరికా సైన్యం అడవుల మీద చల్లిన రసాయనాల్లోని డయాక్సిన్ అనే విషం వియత్నాంలోని డానాంగ్ విమానాశ్రయం మట్టిలో ఇంకిపోయింది. దాన్ని శుభ్రం చేయడానికి 2007 నుంచి బిల్లుల్లో డబ్బు పెట్టిస్తూ వచ్చారు. మట్టిని తవ్వి, పెద్ద దిబ్బగా పోసి, 300 డిగ్రీలకు పైగా వేడిచేసి విషం విరిచారు. 2018కి డానాంగ్ పని ముగిసింది. దానికంటే చాలా ఎక్కువగా కలుషితమైన బియెన్ హోవా వైమానిక స్థావరంలో 2019లో పని మొదలుపెట్టిన రోజు, 79 ఏళ్ల లేహీ తోటి సెనేటర్లను వెంటబెట్టుకుని స్వయంగా అక్కడికి వెళ్లారు.