రాళ్ల మీద నీళ్లు... గుండెల్లోంచి మాటలు!

పాట దేనిమీద కడతారు? ప్రేమ మీద, విరహం మీద, వాన మీద, వెన్నెల మీద. స్నానం మీద పాట కట్టి, దాన్ని యూరప్ మొత్తం చూసే పోటీకి పట్టుకెళ్లిన ఘనుల గురించి విన్నారా? 2025 మే నెలలో స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి 'కాయ్' అనే ముగ్గురు మిత్రుల బృందం అలాగే వెళ్లింది. స్టేజీ మీద చెక్క గది సెట్టు, తువ్వాళ్లు చుట్టుకున్న డాన్సర్లు! పాట పేరు 'బారా బాదా బస్తూ'. 'ఆవిరి స్నానం చేద్దాం, అంతే!' అని అర్థం. నాలుగో స్థానం కొట్టేశారు. గమ్మత్తేమిటంటే, పాడింది స్వీడన్ తరఫున... వాళ్లు మాత్రం ఫిన్లండ్‌ వాళ్లు!

వాళ్లది అలాంటి దేశం మరి. జనాభా 55 లక్షలు. సౌనాలు 30 లక్షల పైమాటే! అంటే ఇంటికొకటి అన్న లెక్క. అక్కడ కార్ల కంటే సౌనా గురించే ఎక్కువ గొప్పలు చెప్పుకుంటారంటే ఆశ్చర్యం లేదు. 2020 డిసెంబరులో యునెస్కో వారు ఈ స్నానాన్ని మానవ జాతి వారసత్వ సంపదల జాబితాలో కూడా చేర్చారు.

ఇంతకీ ఏమిటా స్నానం?

ఓ చిన్న చెక్క గది. మూలన పొయ్యి. పొయ్యి నిండా రాళ్లు. అవి గంటసేపు కాగాక గదిలో వేడి 80 నుంచి 100 డిగ్రీలు. మన రోహిణి కార్తె ఎండలకు రెట్టింపన్నమాట! మెట్లలాంటి బల్లల మీద కూర్చుంటారు. ఎంత ఎత్తున కూర్చుంటే అంత వేడి. గరిటెతో నీళ్లు తీసి రాళ్ల మీద చిలకరిస్తారు. 'సుయ్'మంటుంది. ఆ క్షణంలో ఓ వేడి అల వచ్చి వీపును కౌగిలించుకుంటుంది. ఆ ఆవిరికి వాళ్ల భాషలో 'లొయ్‌లూ' అని పేరు. ఒకప్పుడు ఆ మాటకు ప్రాణం, ఆత్మ అని అర్థమట. ఆలోచించండి... నీటి ఆవిరికి ఆత్మ అని పేరు పెట్టుకున్నారు!

ఆకులున్న బర్చ్ కొమ్మల్ని కట్టగా కట్టి వొంటిమీద తట్టుకుంటారు. పడమటి ఫిన్లండ్‌లో ఆ కట్టను 'విహ్తా' అంటారు. తూర్పున 'వస్తా' అంటారు. (మనవాళ్లెవరైనా అక్కడ 'వస్తా' అంటే చేతికి కొమ్మల కట్ట ఇస్తారేమో జాగ్రత్త!) తర్వాత బయటికొచ్చి చలిగాలిలో నిలబడడం, లేదా సరస్సులో దూకడం. మళ్లీ లోపలికి. ఇదీ వరస.

పూర్వం పల్లెల్లో ఆడవాళ్లు పురుడు పోసుకున్నది సౌనాలోనే. చనిపోయిన వాళ్లకు చివరి స్నానం చేయించిందీ అక్కడే. ఇంట్లోకెల్లా శుభ్రమైన, వెచ్చని చోటు అదేగా! అందుకే లోపల కేకలు, తగాదాలు, బూతులు నిషిద్ధం. గుడిలో ఎలా ఉంటారో అలా ఉండాలని పెద్దల మాట. ఆఖరి ఆవిరిని సౌనాను కాపాడే బుల్లి దేవతకు వదిలి రావడం మరో ఆచారం.

బట్టలతోపాటు హోదా కూడా బయట వదిలేయాలి. 1960లో ఫిన్లండ్ అధ్యక్షుడు ఉర్హో కెక్కొనెన్ తన అరవయ్యో పుట్టినరోజుకు వచ్చిన సోవియట్ నేత కృశ్చేవ్‌ను సౌనాలోకే తీసుకెళ్లాడు. చెమటలు కక్కుతున్న వాళ్లలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న?

తెర మీది చెమట, కన్నీరు

నన్ను ఈ స్నానం వైపు లాగింది మాత్రం ఓ చిత్రం. 2010లో యోనాస్ బెర్గ్‌హెల్, మికా హొతకైనెన్ అనే దర్శకద్వయం తీసిన డాక్యుమెంటరీ. ఫిన్నిష్‌లో 'మీస్తెన్ వూరో'... అంటే 'మగవాళ్ల వంతు'. హీరో లేడు, హీరోయిన్ లేదు, ఫైట్లు అసలే లేవు. ఫిన్లండ్ నలుమూలలా మగవాళ్లు సౌనాలో కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే. ఒకచోట ట్రైలర్ బండిలో సౌనా, మరోచోట టెలిఫోన్ బూత్‌లో! మొదట్లో నవ్వొచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న ఓ తండ్రి గొంతు పెగుల్చుకుని మాట్లాడడం మొదలెట్టాక నవ్వు ఎటుపోయిందో తెలీదు. పక్కనున్నవాడు ఓదార్పు మాటలేం చెప్పడు. రాళ్ల మీద మరి కాసిని నీళ్లు పోస్తాడు. అదే ఓదార్పు! ఆ చిత్రాన్ని ఫిన్లండ్ ఆ ఏడాది ఆస్కార్ విదేశీ చిత్రాల పోటీకి పంపింది. నామినేషన్ రాలేదు. ఏం? చూసినవాళ్ల గుండెల్లో వచ్చింది చాలు!

ఆడవాళ్ల వంతు 2023లో వచ్చింది. పొరుగున ఉన్న ఎస్టోనియా నుంచి అన్నా హింట్స్ అనే దర్శకురాలు 'స్మోక్ సౌనా సిస్టర్‌హుడ్' తీసింది. పొగ సౌనా చీకట్లో స్త్రీలు తమ సిగ్గులు, భయాలు, గాయాలు విప్పి చెప్పుకుంటారు. సన్‌డాన్స్ ఉత్సవంలో దర్శకత్వ బహుమతి, యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి దానికే వచ్చాయి.

ఇంట్లోకి వచ్చింది... మరి నిలిచిందా?

పల్లెలో సౌనా అంటే సరస్సు ఒడ్డున విడిగా కట్టుకున్న చెక్క గుడిసె. జనం పట్నాలకు తరలినప్పుడు సౌనా కూడా మూటాముల్లె సర్దుకుని వెంట వచ్చింది. మొదట డబ్బిచ్చి చేసే వీధి సౌనాలు. తాంపెరె ఊళ్లో 1906 నాటి 'రాజాపోర్తి' సౌనా ఇప్పటికీ నడుస్తోంది. కరెంటు పొయ్యి వచ్చాక కట్టెలు, పొగ బాధ తప్పింది. అపార్టుమెంట్లకు ఉమ్మడి సౌనాలు, వంతుల పట్టికలు వచ్చాయి. 1980ల నాటికి ఏ ఫ్లాటుకు ఆ ఫ్లాటే, బాత్‌రూమ్ పక్కనే బుల్లి సౌనా!

సుఖాంతం అనుకుంటున్నారా? ఎస్పూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా మిత్రుణ్ణి ఫోనులో అడిగాను, "మీ ఇంట్లో సౌనా ఎలా ఉందిరా?" అని.

"సూట్‌కేసులు పెట్టుకోవడానికి బ్రహ్మాండంగా ఉందిరా!" అన్నాడు. ఆ మాట అక్కడి ఫిన్నులు కూడా నవ్వుతూ ఒప్పుకునేదే. తర్వాత కాస్త ఆగి చెప్పాడు: "కింద ఉమ్మడి సౌనాకు మాత్రం వారం వారం వెళ్తాను. మా పై అంతస్తు పెద్దాయన రెండేళ్లుగా లిఫ్టులో ఒక్క మాట మాట్లాడలేదు. సౌనాలో మాత్రం వాళ్లావిడ పోయిన సంగతి ఆయనే చెప్పాడు. ఏమనాలో తెలీలేదురా. నీళ్లు పోశాను."

అచ్చం సినిమాలో లాగానే!

కట్టుకోవాలనుకుంటే...

ఇప్పుడు మన విల్లాల్లో, హోటళ్లలో కూడా సౌనాలు వెలుస్తున్నాయి కనుక నాలుగు పనికొచ్చే మాటలు. గది చిన్నదిగా ఉండాలి. ఒక ఘనపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్ హీటర్ అని లెక్క. రెండు మీటర్ల చదరపు గదికి 9 కిలోవాట్లు దాకా పడుతుంది. మన గీజరు రెండు కిలోవాట్లే! అంచేత విడిగా వైరింగు తప్పదు. బల్లలకు జిగురు కారని ఆస్పెన్ లాంటి చెక్క వాడతారు. పైబల్ల మీద కూర్చుంటే పాదాలు రాళ్ల కంటే ఎత్తున ఉండాలి. గాలి వచ్చే దారి, పోయే దారి తప్పనిసరి. తలుపు బయటికి తెరుచుకోవాలి, గొళ్లెం ఉండకూడదు. ఏరులో గులకరాళ్లు తెచ్చి పెట్టకండి, పేలిపోతాయి! గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగాలి. మద్యం పుచ్చుకుని అడుగు పెట్టనేకూడదు.

ఈ నగరంలో ఓ పెద్ద హోటలు సౌనాకు నేనూ వెళ్లాను. చెక్క నునుపు, లైట్లు రంగురంగులు. పొయ్యి మీద బోర్డు: 'రాళ్లపై నీళ్లు పోయరాదు'! ఆవిరి లేని సౌనా పాటలు తీసేసిన మ్యూజికల్ హిట్టు లాంటిది. నా పక్కనున్న ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ వేడికి ఫోన్లే పాపం చెమట పట్టాయి.

పందెం కాదు సుమా!

ఈ స్నానాన్ని పందెంగా మార్చినవాళ్లూ ఉన్నారు. ఫిన్లండ్‌లోని హైనొలాలో 1999 నుంచి 'ప్రపంచ సౌనా పోటీలు' జరిగాయి. ఎవరు ఎక్కువసేపు కూర్చుంటే వారే విజేత! 2010 ఫైనల్లో వేడి 110 డిగ్రీలు. ఇద్దరు మిగిలారు. ఇద్దరూ కుప్పకూలారు. ఒకరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. పోటీలు అంతటితో ఆగిపోయాయి. గొప్ప కోసం కూర్చుంటే అదే గది కొలిమి అవుతుంది. లేచి వెళ్లాలనిపిస్తే లేచి వెళ్లడమే అసలైన సౌనా మర్యాద.

అన్నట్టు, స్వీడన్‌ వాళ్లు శనివారాన్ని 'లోర్దాగ్' అంటారు. పూర్వార్థం 'స్నానాల రోజు'! ఫిన్నుల 'లావాంతై' దాంట్లోంచి వచ్చిందే. మన ఇళ్లలో మగవాళ్లకు శనివారం తలంటు గుర్తుందా? అమ్మ మాడుకు నూనె పట్టిస్తూ, చెవి మెలేస్తూ, వారం రోజుల కబుర్లన్నీ రాబట్టేది. అక్కడ ఆవిరి చేసిన పనే ఇక్కడ నువ్వుల నూనె చేసింది. షాంపూ వచ్చాక తల శుభ్రపడుతోంది... కబుర్లే పోయాయి!

అంచేత యువ పాఠకులారా, నార్డిక్ స్నానాన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే ముందు తెచ్చుకోవాల్సింది చెక్క పెట్టె కాదు. వారానికో గంట. తలుపు బయట ఫోను. పక్కన మనసైన మనిషి. తొందరపెట్టని మౌనం. ఇవి కుదిరాక, డబ్బుంటే ఆ పెట్టె కూడా కొనుక్కోండి. కుదరకపోతే... సూట్‌కేసులకు అటకే చాలు!