కెమెరా డ్రోన్ కొంటున్నారా? బ్రాండ్ కంటే ముందు చూడాల్సిన లెక్కలివి

హైదరాబాద్: పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఫోటోగ్రాఫర్లకు వచ్చే మొదటి ప్రశ్న 'డ్రోన్ ఉందా?' అనే. బారాత్ ఫంక్షన్ హాల్ గేటు దాటేటప్పుడు పైనుంచి ఒక షాట్, వలీమా రోజు లైట్ల మధ్య స్టేజీ చుట్టూ ఇంకో షాట్ లేకపోతే ఆల్బమ్ పూర్తయినట్టు ఎవరూ అనుకోవడం లేదు. అద్దెకు తెచ్చిన ప్రతిసారీ లాభంలో కొంత పోతుంది. అందుకే చిన్న స్టూడియోలు నడిపేవాళ్లు, యూట్యూబ్ చానెళ్లు పెట్టుకున్న కుర్రాళ్లు అప్పో సప్పో చేసి సొంత డ్రోన్ కొనాలని చూస్తున్నారు.

కొనేముందు అందరూ చేసే పని ఒకటే. యూట్యూబ్‌లో రెండు మూడు బ్రాండ్లను పోల్చే వీడియోలు చూస్తారు. ఏ కెమెరా బాగుంది, ఏది ఎక్కువసేపు ఎగురుతుంది, ఏది ఎంత దూరం పోతుంది అని లెక్కలు వేస్తారు. అయితే ఆ వీడియోల్లో చాలావరకు అమెరికాలోనో యూరప్‌లోనో తీసినవి. అక్కడ దుకాణానికి వెళ్లి దర్జాగా కొనుక్కునే డ్రోన్ ఇక్కడ చేతిలోకి వచ్చాక బీరువాలో పెట్టుకోవాల్సి రావచ్చు. మన దేశంలో పోలిక కెమెరా దగ్గర కాదు, కాగితాల దగ్గర మొదలు కావాలి.

దిగుమతి నిషేధం: మొదట తెలియాల్సిన సంగతి

2022 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైన డ్రోన్లే కాదు, ఇక్కడ బిగించుకునేలా విడిభాగాల సెట్టుగా తెచ్చేవి కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం అనుమతి తీసుకుని తెప్పించుకోవచ్చు. మోటార్లు, బ్యాటరీల వంటి విడిభాగాలను ఇక్కడి తయారీదారులు తెచ్చుకోవడానికి అడ్డు లేదు. దేశంలో డ్రోన్ల తయారీ పెరగాలన్నది ఈ నిర్ణయం వెనుక ఉద్దేశం.

ప్రపంచంలో ఎక్కువ మంది వాడే కెమెరా డ్రోన్లు చైనాలోని షెన్‌జెన్‌కు చెందిన డీజేఐ కంపెనీవి. నిషేధం తర్వాత వాటి కొత్త మోడళ్లు మామూలు దారిలో ఇక్కడికి రావడం ఆగిపోయింది. అయినా మార్కెట్లో దొరుకుతూనే ఉన్నాయి. "దుబాయ్ పీసు అన్నా, సీల్ ప్యాక్. బిల్లు ఒక్కటే ఉండదు" అని దుకాణదారు చెప్పే మాటకు అర్థం అదే. బిల్లు లేకపోతే వారంటీ లేదు. పోలీసులు ఆపి అడిగితే చూపించడానికి కాగితం లేదు. దొంగతనం జరిగితే ఫిర్యాదులో ఏం రాయాలో కూడా తెలియదు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న అన్న, బావ సెలవుల్లో వస్తూ డ్రోన్ తెస్తానంటే సంతోషపడే ఇళ్లు చాలా ఉన్నాయి. వ్యక్తిగత వాడకానికనో, బహుమతి కిందనో తెచ్చినా నిషేధానికి మినహాయింపు లేదు. శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారులు పట్టుకుంటే డ్రోన్ అక్కడే ఆగిపోవచ్చు. లక్ష రూపాయల బహుమతి ఎయిర్‌పోర్టు దాటకుండానే పోతుంది. తెచ్చేవాళ్లకు ఈ మాట ముందే చెప్పడం మంచిది.

249 గ్రాముల రహస్యం

డ్రోన్ల పేర్ల పక్కన '249 గ్రాములు' అని పెద్దగా రాయడానికి కారణం ఉంది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నది నానో డ్రోన్. 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు ఉన్నది మైక్రో డ్రోన్. ఈ ఒక్క గీత దగ్గరే కొనేవాడి ఖర్చు, బాధ్యత మారిపోతాయి.

నానో డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, డబ్బులు తీసుకుని పెళ్లి షూట్ చేసినా సరే. మైక్రో డ్రోన్ అయితే సొంత సరదాకు పైలట్ సర్టిఫికెట్ లేకపోయినా ఫర్వాలేదు గానీ, వ్యాపారానికి వాడితే తప్పనిసరి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్నవారు డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొంది ఈ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలోనూ ఈ శిక్షణ ఇస్తున్నారు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది.

మైక్రో డ్రోన్ కొనేవాళ్లు ఇంకో మూడు చూసుకోవాలి. మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ ఉండాలి. యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకోవాలి. థర్డ్ పార్టీ బీమా ఉండాలి. బండికి ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు ఎలాగో ఇవీ అలాగే. నిబంధనలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

బరువు విషయంలో కంపెనీలు చెప్పే అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. డీజేఐ మినీ 4 ప్రో మామూలు బ్యాటరీతో 249 గ్రాముల లోపే ఉంటుంది. ఎక్కువసేపు ఎగిరే 'ప్లస్' బ్యాటరీ పెడితే 250 దాటిపోతుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన మినీ 5 ప్రో బరువు 249.9 గ్రాములని చెబుతూనే, 4 గ్రాములు అటూ ఇటూ ఉండొచ్చని కంపెనీయే రాసింది. దానికి తోడు రెక్కలకు గార్డులు, లెన్సుకు ఫిల్టరు బిగిస్తే లెక్క ఇంకా మారుతుంది. ఎగిరేటప్పుడు ఉన్న మొత్తం బరువే బరువు. బంగారం తూచే చిన్న కాటా మీద ఒకసారి పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఏ బ్రాండ్ ఎలా ఉంది?

బొమ్మ నాణ్యతలో, ఎగిరే తీరులో డీజేఐ ముందుందన్నది వాడినవారు ఒప్పుకునే మాట. మినీ 4 ప్రోలో అన్ని వైపులా అడ్డంకులను గుర్తించే సెన్సార్లు ఉన్నాయి. కంపెనీ లెక్క ప్రకారం 34 నిమిషాలు ఎగురుతుంది. ఎయిర్ 3ఎస్ బరువు 724 గ్రాములు, అందులో ఒక అంగుళం సెన్సార్ ఉన్న కెమెరాతో పాటు దూరపు దృశ్యాలకు రెండో కెమెరా కూడా ఉంది. మావిక్ వరుస సినిమా, ప్రకటనలు తీసేవారికి. నియో బరువు 135 గ్రాములే, అరచేతిలోంచి లేస్తుంది, కానీ 18 నిమిషాలకు మించి ఎగరదు. ఇన్ని మంచి గుణాలున్నా కొత్తది కొనాలంటే దిగుమతి నిషేధం అడ్డుగా నిలబడే ఉంటుంది.

ఆటెల్ కూడా షెన్‌జెన్ కంపెనీయే. ఈవో నానో, ఈవో లైట్ మోడళ్లతో కొన్నాళ్లు డీజేఐకి గట్టి పోటీ ఇచ్చింది. కానీ 2025లో ఈ రెండు వరుసలనూ ఆపేసింది. పాత పోలిక వీడియోల్లో ఇవి ఇంకా కనిపిస్తుంటాయి. ఇప్పుడు వాటిని ఎంచుకోవడం తెలివైన పని కాదు. పొటెన్సిక్ ఆటమ్ 249 గ్రాముల లోపు, తక్కువ ధరలో వచ్చే డ్రోన్. హోవర్‌ఎయిర్ ఎక్స్1 సుమారు 125 గ్రాముల డ్రోన్, మనిషి వెంట తానే ఎగురుతూ వీడియో తీస్తుంది. ట్రావెల్ వీడియోలకు పనికొస్తుంది గానీ పెళ్లి షూట్‌కు సరిపోదు. ఇవన్నీ విదేశీవే కాబట్టి అదే నిషేధం వీటికీ వర్తిస్తుంది.

మరి మన బ్రాండ్లు? ముంబైకి చెందిన ఐడియాఫోర్జ్ నిఘా, మ్యాపింగ్ డ్రోన్లలో పెద్ద పేరు. హైదరాబాద్‌కు చెందిన మారుత్ డ్రోన్స్ పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు చేస్తోంది. ఇవి పెళ్లి వీడియోలకు తయారుచేసినవి కావు. చెన్నైకి చెందిన గరుడ ఏరోస్పేస్ 2022లో క్రికెటర్ ధోనీతో 'ద్రోణి' అనే కెమెరా డ్రోన్‌ను విడుదల చేసింది. 250 గ్రాముల లోపు మోడళ్లు అమ్మే ఇతర బ్రాండ్లూ మార్కెట్లో ఉన్నాయి. వీటిని చూసేటప్పుడు పాటించాల్సిన సూత్రం ఒకటే: కాగితం మీద రాసింది కాదు, సాయంత్రం వెలుగులో తీసిన అసలు ఫుటేజీ చూపించమని అడగాలి. బిల్లు, వారంటీ, దగ్గర్లో సర్వీసు ఉన్న మామూలు డ్రోన్, అవేవీ లేని గొప్ప డ్రోన్ కంటే స్టూడియోకు ఎక్కువ ఫాయిదా ఇస్తుంది.

4కే అంటే అన్నీ 4కే కాదు

ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకే '4కే డ్యూయల్ కెమెరా డ్రోన్' అంటూ ప్రకటనలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు చిన్న కెమెరా తీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కే అని చూపించేవే. జీపీఎస్ ఉండదు, గాలికి కొట్టుకుపోతాయి, పది నిమిషాలకే బ్యాటరీ అయిపోతుంది. పిల్లలు ఆడుకోవడానికైతే సరే, పనికి కాదు.

కెమెరాలో చూడాల్సిన మొదటి అంశం సెన్సార్ సైజు. సెన్సార్ పెద్దదైతే ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రిపూట జరిగే మన దగ్గర మెగాపిక్సెళ్ల కంటే ఇదే ముఖ్యం. రెండోది గింబల్. కెమెరాను మూడు దిక్కులా కదలకుండా పట్టుకునే మోటార్ల ఏర్పాటు ఇది. మూడు యాక్సిస్ గింబల్ లేకుండా సాఫ్ట్‌వేర్ స్థిరీకరణ మాత్రమే ఉన్న డ్రోన్ వీడియోలో కుదుపులు కనిపిస్తాయి, అంచులు కోసుకుపోతాయి. మూడోది రిమోట్. కొన్నింటికి స్క్రీన్ రిమోట్‌లోనే ఉంటుంది, కొన్నింటికి ఫోన్ తగిలించాలి. షూటింగ్ మధ్యలో ఫోన్ మోగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నిమిషాలు, దూరం, ఎండ

కంపెనీ 34 నిమిషాలు అంటే గాలి లేని చోట, ఒకే వేగంతో ఎగరేసి తీసిన లెక్క. మామూలు వాడకంలో కొంత తగ్గుతుంది, దిగడానికి కొంత చార్జి మిగుల్చుకోవాలి. కొందరు అమ్మకందారులు మూడు బ్యాటరీల సమయం కలిపి '90 నిమిషాలు' అని రాస్తారు. ఒక్క బ్యాటరీకి ఎంత అన్నదే అడగాలి. పెళ్లి పనికి మూడు బ్యాటరీలు ఉంటేనే నిశ్చింత, కాబట్టి ధర పోల్చేటప్పుడు వాటిని కలిపే పోల్చాలి.

20 కిలోమీటర్ల రేంజ్ అన్న అంకెకు పడిపోవాల్సిన పని లేదు. డ్రోన్ కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలన్నది ఇక్కడి నియమం. ఎండ సంగతి మాత్రం పట్టించుకోవాలి. మినీ 4 ప్రో, ఎయిర్ 3ఎస్ రెండింటికీ కంపెనీ చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో నల్గొండలోనో ఎగరేస్తే ఆ గీత దాటినట్టే. బ్యాటరీలను కారు డాష్‌బోర్డు మీద వదిలేయకూడదు.

పేరు పోయిన బ్రాండ్లు చెప్పే పాఠం

2016లో గోప్రో కర్మ అనే డ్రోన్ తెచ్చింది. గాల్లో ఉండగా కరెంటు ఆగిపోతోందని కొన్ని వారాల్లోనే వెనక్కి పిలిపించింది, 2018లో డ్రోన్ వ్యాపారమే వదిలేసింది. అమెరికాకు చెందిన స్కైడియో 2023లో మామూలు జనం కొనే డ్రోన్లను ఆపేసింది. ఆటెల్ సంగతి పైన చెప్పుకున్నదే. డ్రోన్‌లో ముందుగా పాడయ్యేవి బ్యాటరీ, రెక్కలు, గింబల్. అవి దొరకని రోజు డ్రోన్ షోకేసు బొమ్మే. అందుకే కొనేముందు నగరంలో ఆ మోడల్ రిపేర్ చేసేవారు ఉన్నారా, విడి బ్యాటరీ దొరుకుతుందా అని రెండు చోట్ల ఆరా తీయాలి.

కొన్నాక ఎక్కడ ఎగరేయాలి?

నానో అయినా ఆకాశం అంతా మనది కాదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్, యెల్లో, రెడ్ జోన్లు ఉంటాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ ఎత్తు 200 అడుగులే. యెల్లో జోన్‌కు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, రెడ్ జోన్‌కు కేంద్రం అనుమతి కావాలి. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ రన్‌వేలు ఉన్నాయి కాబట్టి ఫంక్షన్ హాల్ బుక్ చేసిన రోజే మ్యాప్ చూసుకోవాలి. ముఖ్యమైన సందర్భాల్లో పోలీసు కమిషనర్లు డ్రోన్లపై నిషేధ ఉత్తర్వులు ఇస్తుంటారు, స్థానిక పోలీస్ స్టేషన్‌లో కనుక్కోవడం మంచిది.

దుకాణంలో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు ఇస్తారా?
2. బ్యాటరీతో కలిపి అసలు బరువెంత? 250 దాటితే టైప్ సర్టిఫికెట్ ఏది?
3. సెకండ్ హ్యాండ్ అయితే యూఐఎన్ ఉందా, పేరు మార్చి ఇస్తారా?
4. రిపేర్ ఎక్కడ, విడి బ్యాటరీ ధర ఎంత?
5. రాత్రి తీసిన అసలు ఫుటేజీ చూపిస్తారా?

మొదటి ప్రశ్నకే దుకాణదారు మాట మారిస్తే మిగతా నాలుగు అడగాల్సిన పని లేదు. ఇప్పుడే కొనాలన్న తొందర లేనివారు ఇంకో సీజన్ అద్దె డ్రోన్‌తో, కాగితాలున్న ఆపరేటర్‌తో పని నడిపించుకోవచ్చు. అద్దెలో పోయేది ఒక రోజు లాభం. కాగితం లేని డ్రోన్ పట్టుబడితే పోయేది డ్రోన్, దానికి పెట్టిన డబ్బు, పెళ్లివారి ముందు పరువు.