ఒకటికి ఆగాలి... అదే రుంబా!

పాట మొదలైంది. ఒకటి... జంట అడుగు వేయలేదు. తాళం తప్పారనుకుంటున్నారా? కాదు, రుంబాలో కిటుకే అది!

పోటీల్లో ఆడే లాటిన్ బాల్‌రూమ్ నృత్యాలు ఐదు. చాచాచా, సాంబా, పాసోడోబ్లే, జైవ్... అన్నీ హుషారే. రుంబా ఒక్కటే నింపాది. నిమిషానికి 25 నుంచి 27 బార్లు. బార్‌కి నాలుగు బీట్లు. రెండు, మూడు, నాలుగుకి అడుగులు పడతాయి. మళ్లీ ‘ఒకటి’ వచ్చేసరికి పాదం కదలదు, బరువు కుదురుకుంటూ నడుము ఓ పక్కకి ఒరుగుతుంది.

అలాగని నడుముని పనిగట్టుకుని ఊపకూడదు. ముందు పాదం ముందుభాగం నేలకి ఆనాలి. తర్వాత మడమ దించి, మోకాలు నిటారుగా చేసి, బరువంతా ఆ కాలి మీదకి తేవాలి. నడుము దానంతటదే తిరుగుతుంది!

క్యూబాలో డ్రమ్ములూ పాటలతో సాగే అసలు రుంబా వేరు. 2016లో యునెస్కో గుర్తింపు దానికే దక్కింది. బాల్‌రూమ్ రుంబాకి మూలం మాత్రం అక్కడి బొలెరో-సోన్. కర్రముక్కల్లాంటి క్లేవ్స్, గింజల చప్పుడు చేసే మరకాస్, బోంగో డ్రమ్ములు దాని సంగీతానికి ప్రాణం.

లండన్‌లో పేరున్న నాట్య గురువు మాన్సియర్ పియరీ 1947లో క్యూబా వెళ్లాడు. అక్కడివాళ్లు రెండో బీట్‌కి అడుగేయడం చూశాడు. తాను నేర్పేది అది కాదే! 1951లో, 1953లో మళ్లీ వెళ్లాడు. గురువే శిష్యుడై నేర్చుకుని, లండన్‌లో కొత్త పద్ధతి మొదలెట్టాడు. నేటి అంతర్జాతీయ రుంబాకి పునాది అదే.

మీరూ ప్రయత్నిస్తారా? అయితే ముందు... ఆగడం నేర్చుకోండి!