పేరు తెలియని పరిశుద్ధులకూ ఒక రోజు

నవంబరు నెల దగ్గరపడితే మన సంఘాల్లో ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది. మనం ప్రొటెస్టెంట్లం కదా, మనకు పరిశుద్ధుల పండుగ ఎందుకు? సమాధుల తోటకు వెళ్లి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించే కుటుంబాలు ఒకవైపు, అది వాక్యానుసారం కాదని దూరంగా ఉండే కుటుంబాలు మరోవైపు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా ఈ సంగతి మీద మాటామాటా పెరుగుతుంది.

నిజానికి ఇవి రెండు వేర్వేరు దినాలు. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినం. హతసాక్షులు ఎక్కువై ఒక్కొక్కరికి ఒక్కో రోజు కేటాయించడం సాధ్యం కానప్పుడు అందరినీ కలిపి జ్ఞాపకం చేసుకునే అలవాటు సంఘంలో మొదలైంది. తొమ్మిదో శతాబ్దానికి పశ్చిమ దేశాల్లో ఆ తేదీ స్థిరపడింది. నవంబరు 2న మృతుల కోసం ప్రార్థించే ఆచారాన్ని సుమారు వెయ్యేళ్ల కిందట క్లూనీ మఠాధిపతి ఓడిలో నెలకొల్పాడు.

మార్టిన్ లూథర్ 1517లో తన 95 వాదాంశాలను వెలువరించింది అక్టోబరు 31న, అంటే సకల పరిశుద్ధుల దినానికి ముందురోజు. పాపపరిహార పత్రాల వ్యాపారాన్ని ఆయన ఎదిరించాడు. అయితే పరిశుద్ధుల జ్ఞాపకాన్ని సంస్కర్తలు చెరిపివేయలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 21వ అధికరణం వారి విశ్వాసాన్ని చూసి నేర్చుకొమ్మంటుంది. వారికి మొరపెట్టవద్దని, క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని కూడా స్పష్టం చేస్తుంది.

మన కడప సీమలోనూ రెండు అలవాట్లు ఉండేవి. జమ్మలమడుగు ప్రాంతంలో సేవచేసిన లండన్ మిషన్ వారికి ఆదివారమే ముఖ్యం, పరిశుద్ధుల దినాలతో పెద్దగా పనిలేదు. ఉత్తరాన ముత్యాలపాడు, నంద్యాల వైపు పనిచేసిన ఎస్‌పీజీ మిషన్ వారు ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం ప్రకారం అపొస్తలుల దినాలను ఆచరించేవారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. నంద్యాల అధ్యక్ష మండలం 1975లో అందులో చేరింది. అలవాట్లు వేరైనా ప్రభువు బల్ల ఒక్కటే అయింది.

ఇక అసలు సంగతికి వద్దాం. గండికోటకు వెళితే పెమ్మసాని నాయకుల పేర్లు చెబుతారు. మాధవరాయ ఆలయాన్ని, జుమ్మా మసీదును, ధాన్యాగారాన్ని చూపుతారు. ఆ రాళ్లు మోసినవారి పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేరు. పక్కనే జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. ఐర్లండు నుంచి వచ్చిన వైద్య మిషనరీ డాక్టర్ విన్సెంట్ క్యాంప్‌బెల్ పేరు అలా నిలిచింది. అందుకు దేవునికి స్తోత్రం. అయితే ఊరూరా నడిచి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు, బడి చెప్పిన ఉపదేశకులు, రోగుల పుండ్లు కడిగినవారు ఎవరు? వీరిలో ఎక్కువమంది ఊరి బయటి పేటల నుంచి, అంటరానితనపు బాధ అనుభవిస్తూ వచ్చినవారే. వారి పేర్లు ఏ రాతి మీదా లేవు.

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయం చూడండి. ఫీబే, పెర్సిసు వంటి పేర్ల మధ్య రూఫు తల్లికి కూడా వందనాలు చెబుతాడు. ఆమె పేరు మనకు తెలియదు. ఆమె తనకూ తల్లేనని పౌలు ఒప్పుకున్నాడు, అంతే. ఆ ఒక్క మాటతో ఆమె రెండువేల ఏళ్లుగా సంఘం జ్ఞాపకంలో ఉంది. అదే పౌలు పరిశుద్ధులని పిలిచింది గాజు అద్దాల మీది బొమ్మలను కాదు, కొరింథులో తగువులాడుకుంటున్న మామూలు విశ్వాసులను.

మరి కొవ్వొత్తి మాటేమిటి? దినాలను ఎంచేవాడు ప్రభువు కోసమే ఎంచాలని, ఎంచనివాడిని తీర్పు తీర్చవద్దని రోమా 14వ అధ్యాయం మనకు నేర్పుతుంది. సమాధి దగ్గర మృతులకు మొరపెట్టవద్దు, వారిని ఇచ్చిన దేవునికి కృతజ్ఞత చెప్పడం మానవద్దు. వెలిగించేవారు, వెలిగించనివారు కలిసి ఒక పని చేయవచ్చు. మన సంఘంలో మొదట నమ్మినవారెవరో, మొదటి గుడికి మట్టి మోసినవారెవరో వృద్ధులను అడిగి సంఘ పుస్తకంలో రాసిపెడదాం. నవంబరు మొదటి ఆదివారం ఆ పేర్లు చదివి స్తోత్రం చెల్లిద్దాం. ఆ వృద్ధులు కూడా వెళ్లిపోతే అడగడానికి ఎవరూ మిగలరు. దేవుని జీవగ్రంథంలో ఆ పేర్లు భద్రంగానే ఉన్నాయి. అవి అవసరమైనది మన పిల్లలకు.