‘పడదు’ అంటే... ఎంత పడదు?

టిఫిన్ సెంటర్‌లో నలుగురు ఫ్రెండ్స్. వేడివేడి ఇడ్లీలు వచ్చాయి. ఒకడు చట్నీ గిన్నె పక్కకు జరిపాడు.

‘‘ఏంట్రా?’’

‘‘పల్లీ చట్నీ నాకు పడదురా.’’

‘‘అబ్బా... ఒక్క ముద్దకి ఏం కాదులే, తిను!’’

ఈ సీన్ మీరూ చూసే ఉంటారు. బలవంతం చేసినవాడిది చెడ్డ మనసేం కాదు. చిక్కంతా ‘పడదు’ అనే మాటతోనే. పాలు తాగితే కడుపు ఉబ్బరించినా ‘పడదు’ అంటాం, రొయ్యలు తింటే పెదాలు వాచినా ‘పడదు’ అంటాం. మాట ఒకటే అయినా, ఒంట్లో జరిగే కథలు వేరు. ఒకటి ఇబ్బంది పెట్టి పోతుంది. ఇంకోటి ప్రాణం మీదకు తెస్తుంది.

అలర్జీ: ఒంటి కాపలాదారు పొరపాటు

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పల్లీలోనో, గుడ్డులోనో ఉండే ప్రొటీన్‌ని శత్రువు అనుకుంటుంది. ఐజీఈ యాంటీబాడీలు రంగంలోకి దిగుతాయి, హిస్టమిన్ లాంటి రసాయనాలు విడుదలవుతాయి. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దురద, దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు రావచ్చు. గొంతు బిగుసుకుపోయి, ఊపిరి అందక, బీపీ పడిపోతే దాన్ని అనఫిలాక్సిస్ అంటారు. అది ఎమర్జెన్సీ.

ఇక్కడ ‘కొంచెమే కదా’ అనే లెక్క పనిచేయదు. కొందరికి చిటికెడు చాలు. పోయినసారి దద్దుర్లతో పోయింది కదా అని ఈసారీ అంతే అనుకోవడానికి లేదు. చిన్నప్పటి నుంచి హాయిగా తిన్న రొయ్యలు, పీతలు పెద్దయ్యాక పడకపోవడం కూడా మామూలే.

ఇన్‌టాలరెన్స్: అరగని గొడవ

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే ఎంజైమ్ లాక్టేజ్. చిన్నతనం దాటాక చాలామందిలో అది తగ్గిపోతుంది, దక్షిణాదిలో ఇది మరీ ఎక్కువ. అరగని లాక్టోజ్ పేగుల్లో పులిసి గ్యాస్, కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది. ఇబ్బందే కానీ, ప్రాణాపాయం కాదు. ఇక్కడ మోతాదు ముఖ్యం. గ్లాసు పాలు పడనివాళ్లలో చాలామందికి కప్పు టీ పడుతుంది. పెరుగైతే ఇంకా సులువు, ఎందుకంటే తోడులోని బ్యాక్టీరియా సగం పని ముందే చేసేస్తుంది.

కానీ జాగ్రత్త! పాల ‘అలర్జీ’ ఉన్నవాళ్లకు పెరుగు, మజ్జిగ, పనీర్ అన్నీ ప్రమాదమే. రెండింటినీ కలిపేయొద్దు.

సీలియాక్: మూడో కథ

గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ తగిలితే కొందరిలో రోగనిరోధక వ్యవస్థ తన చిన్నపేగు గోడనే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. తగ్గని రక్తహీనత, బరువు తగ్గడం, తరచూ విరేచనాలు కనిపిస్తాయి. ఉన్న ఒకే దారి జీవితాంతం గ్లూటెన్ మానేయడం. వీళ్లకి ‘గ్లూటెన్ ఫ్రీ’ ఫ్యాషన్ కాదు, అదే మందు. మనకు కలిసొచ్చేది ఏంటంటే అన్నం, జొన్న రొట్టె, రాగి సంకటి, సజ్జలు... వేటిలోనూ సహజంగా గ్లూటెన్ ఉండదు.

మన వంటింట్లో దాక్కున్నవి

- ఇంగువ: డబ్బాల్లో అమ్మే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో, మైదానో కలుపుతారు. సీలియాక్ ఉన్నవాళ్లు పులిహోర, సాంబారు దగ్గర అడగాల్సింది ఇదే.
- సోయా సాస్: మామూలు రకాల్లో గోధుమ ఉంటుంది. అంటే గోబీ మంచూరియా కూడా లెక్కలోకే.
- పల్లీలు: చట్నీలోనే కాదు... గుత్తివంకాయ మసాలా, మిర్చీ కా సాలన్, పొడుల్లోనూ ఉంటాయి. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెలో మిగలొచ్చు.
- జీడిపప్పు: హోటల్ గ్రేవీలకు చిక్కదనం చాలాసార్లు దీనిదే.
- ఒకే కడాయి: రొయ్యలు వేయించిన నూనెలోనే గోబీ వేయిస్తే, అలర్జీ ఉన్నవాళ్లకి అదీ రొయ్యల వేపుడే.

ప్యాకెట్ తిప్పి చూడండి

ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు-పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, గింజ పప్పులు, సోయా, సల్ఫైట్లు... ఇవి ఉంటే ‘కంటెయిన్స్’ అని ప్రకటించాలి. ‘మే కంటెయిన్’ అని ఉంటే తయారీలో కలిసే అవకాశం ఉందని అర్థం. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ జాబితాలో నువ్వులు లేవు. కాబట్టి నువ్వులు పడనివాళ్లు పదార్థాల లిస్టు మొత్తం చదవాల్సిందే. అమెరికాలో చదివే మనవాళ్లకి అక్కడ 2023 జనవరి 1 నుంచి నువ్వుల పేరు కూడా లేబుల్‌పై తప్పనిసరి.

ఊపిరాడకపోతే...

ఆలోచించకుండా 108కి కాల్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. దీనికి అసలు మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ మాత్ర దురద తగ్గిస్తుందేమో కానీ, బిగుసుకున్న గొంతుని తెరవలేదు. తగ్గినట్టే అనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు.

మీకు మీరే తేల్చుకోవద్దు

ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది... ఫోన్‌లో నోట్ చేసుకుని డాక్టర్‌కి చూపించండి. అలర్జీకి స్కిన్ ప్రిక్, ఐజీఈ పరీక్షలున్నాయి. ‘వందల ఆహారాలకు ఒకే టెస్ట్’ అంటూ అమ్మే ఐజీజీ కిట్లను అలర్జీ నిపుణులు సిఫార్సు చేయరు. సీలియాక్ అనుమానం ఉంటే రక్తపరీక్షకు ముందే గోధుమ మానేయకండి, ఫలితం తప్పు రావచ్చు.

ఇక ఆ టిఫిన్ సెంటర్‌కి వద్దాం. ఈసారి ఫ్రెండ్ ‘పడదు’ అంటే ‘‘ఏం కాదులే’’ అనకండి. ‘‘తింటే ఏమవుతుందిరా?’’ అని అడగండి. గొంతు బిగుస్తుంది అన్నాడా... సర్వర్‌ని పిలిచి, ‘‘అన్నా, సాంబారుకి వేరే గరిటె పెట్టవా?’’ అని మీరే అడగండి. వాడు మొహమాటపడి అడగలేని మాట అదే.